కూసే డబ్బా

శాలిబండలో పెంటయ్య బర్రెల కొట్టం ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు, వాసన పట్టుకొని పొమ్మంటారు. గల్లీలో కుట్టుమిషన్ల దుకాణం, వెల్డింగ్ షాపు దాటాక ముందు ఇల్లు, వెనక కొట్టం, అందులో ఆరు బర్రెలు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నందినికి ఆరు నెలలు అన్నం సయించలేదు. ఏడో నెలలో ఒకరోజు పొద్దున లేచేసరికి వాసన లేదు. బర్రెలు ఉన్నాయి, పేడ ఉంది, వాసన మాత్రం లేదు. ముక్కు ఎంత తొందరగా అలవాటు పడిపోతుందో చూసి ఆమెకు ఆ రోజు నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

ఆమెది సంతోష్‌నగర్. డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. ఆ చదువు ఇప్పుడు ఐదేళ్ల కూతురు కీర్తిప్రియ హోంవర్కుకు కూడా పెద్దగా పనికిరావడం లేదు. ఇంట్లో మాత్రం ఏ వస్తువు పెట్టిన చోట ఆ వస్తువే ఉండాలి. గ్యాస్ సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్లు కలిపి, రెగ్యులేటర్ చుట్టూ రాసి, బుడగలు రావట్లేదని చూశాకే పొయ్యి ముట్టిస్తుంది. అత్త ఎల్లమ్మకు అదొక వేడుక. "సిలిండర్‌కు స్నానం చేపిస్తున్నది మా డిగ్రీ పిల్ల" అని పాల కోసం వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఎల్లమ్మ పట్టింపు వేరే. పాల చుక్క కింద పడకూడదు. చెంబు అంచున జారిన చుక్కను కూడా వేలితో తుడిచి పక్కన కూర్చున్నవాళ్ల నోట్లో పెడుతుంది. నలభై ఏళ్లుగా పాలు పోస్తున్న చెయ్యి అది. నేల మీద పాలు ఒలికితే ఇంటికి కీడని ఆమె నమ్మకం.

నందిని భర్త గోవర్ధన్ బర్రెల జోలికి పోలేదు. పైపులు బిగించే పని నేర్చుకున్నాడు. రెండేళ్లుగా ఊరికి దక్షిణాన, పొలాల మధ్య కొత్తగా కడుతున్న గ్యాస్ కరెంటు ప్లాంటులో పైపుల మేస్త్రీ. ఎక్కడో సముద్రం దగ్గర తీసిన గ్యాస్ భూమి లోపలి పెద్ద పైపులో వస్తుందని, అది మండితే చక్రం తిరిగి కరెంటు పుడుతుందని కూతురికి చెబుతుంటే నందిని కూడా వినేది. పైపుల పని కాంట్రాక్టు శ్రవణ్‌కుమార్‌ది. శాలిబండలోనే మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేసిన ఇంటి మనిషి. చిన్నప్పుడు పెంటయ్య కొట్టం పాలు తాగి పెరిగినవాడు.

సోమవారం ప్లాంటు లోపలి లైన్‌లోకి గ్యాస్ వదిలారు. వచ్చే శనివారం పది గంటల నలభై నిమిషాలకు ముహూర్తం, చక్రం తిప్పడం. శ్రవణ్‌కుమార్ ఇంట్లో ఏ దుకాణం తెరిచినా గుమ్మం లోపల పాలు పొంగించాకే గల్లా పెట్టె తాళం తీసేవారట. ఇక్కడ కూడా అలాగే గ్యాస్ పైపు ముందు పొయ్యి పెట్టి పాలు పొంగించాలన్నాడు. పాలు పెంటయ్య ఇంటివే కావాలన్నాడు. పొంగించేది ఎల్లమ్మ చేత్తోనే అన్నాడు. ఎల్లమ్మ ఆ వారం మొత్తం గల్లీలో కొంచెం తల పైకెత్తుకొని నడిచింది.

బుధవారం సాయంత్రం గోవర్ధన్ ఒక పసుపుపచ్చ డబ్బా ఇంటికి తెచ్చాడు. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది, జేబుకు తగిలించుకునే క్లిప్పు ఉంది. గ్యాస్ ఎక్కడైనా కారుతుంటే కూసే డబ్బా అది. మూడు డబ్బాలిచ్చారట, రెండు చార్జింగ్ పట్టడం లేదు, పనిచేసేది ఇదొక్కటే. మంగళవారం నుంచి ఇది పెద్ద షెడ్డులోని నాలుగో జాయింటు దగ్గరికి పోతే చాలు కీకీమని కూస్తోంది. జాయింటు కొత్తది, బోల్టులు తన చేత్తో బిగించినవే. వంగి వంగి వాసన చూశారట పది మంది. ఏమీ లేదు.

తండ్రికి చూపిద్దామని డబ్బాను కొట్టంలోకి తీసుకెళ్లాడు. పేడనీళ్ల గుంత మీద కప్పిన బండ దగ్గరికి వెళ్లగానే అది కూసింది. పెంటయ్య ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తరువాత ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు.

"బర్రె పిత్తినా లొల్లి చేస్తది ఇది" అన్నాడు పెంటయ్య. "దీన్ని నమ్ముకొని కరెంటు పుట్టిస్తరా బిడ్డా."

మర్నాడు గోవర్ధన్ ఆ మాటే సైటులో చెప్పాడు. బర్రెల కొట్టంలో కూడా కూసిందంటే అక్కడ అందరూ నవ్వారు. డబ్బా ఖరాబని రాసేశారు. కొత్తది రావడానికి పది రోజులు పడుతుంది, ముహూర్తానికి రెండు రోజులే ఉంది. జాయింట్లన్నీ చూశాం, ఎక్కడా లీకు లేదు అనే కాగితం మీద గోవర్ధన్ సంతకం పెట్టాడు. చూసింది ముక్కుతో. ఖరాబైన డబ్బాను తిరిగి తెచ్చి కూతురికి ఆడుకోమని ఇచ్చాడు.

శుక్రవారం సాయంత్రం పాలు పితికే వేళ. నందిని గిన్నెలు కడుగుతుంటే కొట్టంలోంచి కీకీమని శబ్దం, వెనకనే కీర్తిప్రియ నవ్వు. ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. చేతులు తుడుచుకొని వెళ్లి చూస్తే పిల్ల బండ మీదికి గెంతుతోంది, కిందికి దూకుతోంది. బండ మీద ఉన్నప్పుడు డబ్బా కూస్తుంది, దిగితే ఊరుకుంటుంది.

"బర్రె పాట అమ్మా" అంది పిల్ల.

నందిని డబ్బా తీసుకుంది. చెడిపోయిన వస్తువు ఇలా ఉండదు. ఆమె ఇంట్లో చెడిపోయిన గడియారం ఉంది, మిక్సీ ఉంది, వాటి తీరు ఆమెకు తెలుసు. అవి ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతాయి, ఎప్పుడు పడితే అప్పుడు తిరుగుతాయి. ఇది అలా లేదు. నీళ్ల గాబు దగ్గర పెట్టింది, కూయలేదు. బర్రె వెనకే నిలబడింది, కూయలేదు. గడ్డి మోపు మీద, గుమ్మంలో, దేవుడి అర దగ్గర, ఎక్కడా కూయలేదు. బండ పగులు మీద పెట్టగానే కూసింది. పదిసార్లు పెట్టింది, పదిసార్లు కూసింది. వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించకుండా ఒక్క క్షణం నాబ్ తిప్పి మూసింది. గ్యాస్ వాసన గుప్పుమంది, డబ్బా కూసింది.

అప్పుడు బండ దగ్గరికి తిరిగొచ్చి వంగి వాసన చూసింది. పేడ వాసన తప్ప గ్యాస్ వాసన లేదు. కానీ డబ్బా కూస్తోంది.

ఆమె అక్కడే పీట వాల్చుకొని కూర్చుంది. కాలేజీలో గోబర్ గ్యాస్ పాఠం గుర్తొచ్చింది. పేడ గుంతలో పుట్టేదీ, భూమి పొరల్లోంచి తీసేదీ ఒకటే గ్యాస్. మీథేన్. దానికి రంగు లేదు, వాసన లేదు. మేడమ్ రెండుసార్లు చెప్పి రాయించింది. వంటింటి సిలిండర్‌లో వచ్చే కంపు గ్యాస్‌ది కాదు, ఆడవాళ్లకు లీకు తెలియాలని వేరే మందు కలుపుతారు. పెద్ద పైపులో నేరుగా ప్లాంటుకు వచ్చే గ్యాస్‌లో ఆ మందు ఎవరు కలుపుతారు?

డబ్బా ఖరాబు కాలేదు. ఇంట్లో ఒక్క అబద్ధం కూడా ఆడనిది అదే.

గోవర్ధన్ వచ్చి కాళ్లు కడుక్కున్నాక, చాయ్ చేతికిచ్చి అంతా చెప్పింది. గొంతు పెంచలేదు. బండ దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. అతను మొదట నవ్వబోయాడు. తరువాత చాయ్ తాగడం మరిచిపోయాడు.

"సిలిండర్ వాసన తెల్వదా నాకు" అన్నాడు చివరికి.

"సిలిండర్‌ది తెలుసు. మీ పైపుల ఉన్నదానికి వాసనే లేదు. లేనిదాన్ని ఎట్ల చూసిన్రు?"

సంతకం పెట్టింది తానేనని, ఇప్పుడు పోయి తప్పంటే లైన్ మొత్తం ఖాళీ చేసి మళ్లీ చూడాలని, ముహూర్తం పోతుందని, శ్రవణ్‌కుమార్ శేటు ఇంక తన మొహం చూడడని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నందిని వింది. పొయ్యి పెట్టేది ఏ జాయింటు ముందని అడిగింది. నాలుగోదాని ముందే, అక్కడే స్థలం ఉందన్నాడు.

"ఆ పొయ్యి ముట్టిచ్చేది అత్తమ్మ" అంది నందిని.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు, "పొద్దుగాల బస్సుల పోయి, ఎవ్వరు రాకముందే సబ్బు నీళ్లు కొట్టి చూస్త. బుడగొస్తే నేనే చెప్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఎల్లమ్మను పోవద్దని చెప్పమని నందిని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అమ్మ పట్టుచీర ఇస్త్రీ చేయించుకొని వచ్చింది, ఆమెకు ఏమని చెప్పాలి.

శనివారం పొద్దున ఆరుకు అతను వెళ్లిపోయాడు. ఎనిమిదిన్నరకు శ్రవణ్‌కుమార్ కారు పంపాడు. పిల్లను పెంటయ్య దగ్గర వదిలి, నందిని కూడా ఎక్కింది. నువ్వెందుకని అత్త అడిగితే పాల క్యాను పట్టుకోవడానికన్నది. క్యాను ఎల్లమ్మ ఒళ్లోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. నందిని చేతిసంచిలో తమలపాకుల కింద డబ్బా ఉంది, ఆపి ఉంచింది. దారిలో గోవర్ధన్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. గేటు దగ్గరికి వచ్చాక తెలిసింది, ఫోన్లన్నీ అక్కడే ఒక పెట్టెలో పెట్టాలి. లోపల గ్యాస్ ఉంది కదమ్మా, ఫోన్లు తేవద్దన్నాడు వాచ్‌మన్, తన చాయ్ గ్లాసు ఊదుకుంటూ. గేటు పక్కన గోడకు ఆనించి ఒక చాయ్ బండి ఉంది. బొగ్గుల పొయ్యి మీద చాయ్ మరుగుతోంది.

పెద్ద షెడ్డు ఆమె అనుకున్నదానికంటే పెద్దది. పైన రేకులు, మూడు వైపులా దుమ్ము రాకుండా కట్టిన షామియానా గుడ్డలు. గాలి ఆడడం లేదు. లోపల యాభై అరవై మంది కుర్చీల్లో ఉన్నారు. నాలుగో జాయింటుకు పసుపు పూసి బంతిపూల దండలు చుట్టారు. దాని ముందు రెండు అడుగుల దూరంలో పీట, పీట మీద పొయ్యి, పక్కన చిన్న సిలిండర్. కుందుల్లో వత్తులు వేసి నూనె పోసి ఉంచారు కానీ వెలిగించలేదు. తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం, అది దాటేదాకా అగ్గిపుల్ల గీయవద్దని పంతులుగారు గట్టిగా చెప్పారట. అప్పటికి పదీ ఇరవై ఐదు.

గోవర్ధన్ ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నందినిని చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లింది.

"చూసినవా?"

"వచ్చేసరికి పూలు కట్టేసిన్రు. పసుపు పూసిన్రు. శేటు ఆడనే కుర్చేసుకొని కూసున్నడు."

"నోరు లేదా?"

అతని నుదుటి మీద చెమట. తల నొప్పిగా ఉందన్నాడు, పొద్దున్నుంచి ఇక్కడున్న అందరికీ అలాగే ఉందట, ఉక్కపోత కదా అనుకుంటున్నారట.

నందిని సంచిలో చెయ్యి పెట్టి డబ్బా మీద మీట నొక్కింది. ఒక్క ఊపిరి తీసేంత సేపు నిశ్శబ్దం. తరువాత అది కూసింది. కొట్టంలో కూసినట్టు ఆగి ఆగి కాదు, ఆపకుండా. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి, ఎవరిదమ్మా ఫోను, గేటు దగ్గర పెట్టమన్నారు కదా అంది. నందిని డబ్బా బయటికి తీసి పైకి పట్టుకుంది. శ్రవణ్‌కుమార్ గుర్తుపట్టాడు.

"ఇది బర్రెల డబ్బా కదా" అని నవ్వాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. కథ అందరికీ తెలుసు. "వదినా, బర్రెను గూడ తోలుకొచ్చినవా ఏంది?"

ఇది చెడిపోలేదని, లీకు ఉందని నందిని చెప్పింది. శ్రవణ్‌కుమార్ కోపం తెచ్చుకోలేదు, అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది. గోవర్ధన్ స్వయంగా చూసి సంతకం పెట్టాడని, వాసన వస్తుంటే ఇంత మందిలో ఒక్కరికైనా తెలియదా అని, మెల్లగా చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. పంతులుగారు గడియారం చూసి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నారు. పదీ ముప్పై దాటింది. ఎల్లమ్మ పీట ముందు కూర్చొని క్యాను మూత తీసింది.

నందినికి తిట్టడం రాదు, అరవడం రాదు. వచ్చిన పని ఒక్కటే. ఆమె ముందుకు వెళ్లి అత్త పక్కన ఉన్న చెంబును క్యానులో ముంచి నిండా పాలు తీసింది.

"పంతులుగారూ, ముందు పైపుకు అభిషేకం" అంది. ఆయన ఔననేలోపే పూలదండ పక్కకు తోసి, జాయింటు మీద గుండ్రంగా పాలు పోసింది, సిలిండర్‌కు సబ్బు నీళ్లు పోసినట్టు. పాలు పసుపును కడుక్కుంటూ జారి నేల మీద పడ్డాయి.

"అయ్యో, పాలు" అని ఎల్లమ్మ చెయ్యి పట్టుకుంది. "కింద పోస్తవేందే పోరీ, ఎవరింటికి కీడు?"

"చూడు అత్తమ్మా."

పైపుల చివరన ఉన్న రెండు పెద్ద ఇనుప బిళ్లలు కలిసే చోట, బోల్టుల మధ్య సందులో, పాలు కదిలాయి. ముందు ఒక బుడగ లేచింది. దాని పక్కన ఇంకొకటి. తరువాత వరసగా, గుప్పెళ్లు గుప్పెళ్లుగా, తెల్లటి నురగ లేచి, సందు పొడవునా ఉబ్బి, బోల్టుల మీదుగా కిందికి కారింది. పొయ్యి ఇంకా ముట్టించలేదు. పాలు చల్లగా ఉన్నాయి. అయినా పొంగుతున్నాయి. పొంగి పొంగి తరగడం లేదు.

నవ్వులు ఆగిపోయాయి. నలభై ఏళ్లు పాలు కాచిన ఎల్లమ్మ, మంట లేకుండా పాలు పొంగడం ఎప్పుడూ చూడలేదు. కోడలి చెయ్యి వదిలేసింది.

"శుభశకునం" అన్నాడు వెనక ఎవరో. పంతులుగారి ముఖం వెలిగింది. ఆయన అగ్గిపెట్టె తెరిచారు.

"గీకకుండ్రి" అన్నాడు గోవర్ధన్.

ముందుకొచ్చి పంతులుగారి రెండు చేతులూ తన చేతుల్లో మూసి పట్టుకున్నాడు. ఆయన వేళ్ల మధ్య పుల్ల ఉంది. శ్రవణ్‌కుమార్ కుర్చీలోంచి సగం లేచాడు.

"శేటూ, నేను చూడలే. వాసన చూసిన, అంతే. నా సంతకం తప్పు. ఈ షెడ్డు మొత్తం గ్యాసే ఉన్నది." తరువాత జనం వైపు తిరిగాడు. "ఎవ్వరు ఏ మీట నొక్కకుండ్రి. కుర్చీలు గుంజకుండ్రి. మెల్లగ లేచి బయటికి నడువుండ్రి."

ఎవరూ పరిగెత్తలేదు. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు ఒకదాని వెనక ఒకటి, దేవుడి దగ్గర వరసలో నడిచినట్టు, అడుగు చప్పుడు కూడా కాకుండా బయటికి నడిచాయి. శ్రవణ్‌కుమార్ నందిని పక్కనుంచి పోతూ ఆమెను చూడలేదు, జాయింటునే చూశాడు. నురగ ఇంకా లేస్తూనే ఉంది. గోవర్ధన్ షెడ్డు వెనక ఉన్న పెద్ద వాల్వు చక్రం తిప్పి లోపలి లైన్ మూసి వచ్చేసరికి అందరూ బయట ఎండలో ఉన్నారు.

గేటు దాకా రెండు వందల అడుగుల మట్టి దారి. గాలి తగలగానే నందిని చేతిలో డబ్బా ఊరుకుంది. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో మాటలు మొదలుపెట్టారు, ఎవరో దగ్గారు. ఎల్లమ్మ క్యానును గుండెకు హత్తుకొని ముందు నడుస్తోంది. మిగిలిన పాలలో ఒక్క చుక్క కూడా పోనిచ్చేలా లేదు.

గేటు ఇరవై అడుగులుందనగా డబ్బా మళ్లీ కూసింది.

గోవర్ధన్ ఆగిపోయాడు. పెద్ద పైపు బయటినుంచి వచ్చి నేలలోంచి పైకి లేచేది అక్కడే, గోడ వారన. అతను మూసిన చక్రం లోపలిది. దీన్ని మూసే చక్రం ఎక్కడో మైళ్ల అవతల ఉంది. ఆ చోట కూడా ఒక జాయింటు ఉంది, దానికీ అదే కాగితం మీద అతని సంతకం ఉంది. గోడ అవతల చాయ్ బండి పొగ మెల్లగా లేస్తోంది. ఇప్పటిదాకా గాలి ఇటు నుంచి అటు పోలేదు, అంతే. నందిని చెవి పక్క వెంట్రుకలు కదిలాయి. గాలి చాయ్ బండి వైపు తిరిగింది.

ఎల్లమ్మ వెనక్కి తిరిగి కోడలి చేతిలోని డబ్బాను చూసింది, గోడ పక్కన పైపును చూసింది, గోడ మీదుగా లేస్తున్న పొగను చూసింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఆ వయసులో ఎవరూ అనుకోనంత వడిగా గేటు దాటింది. చాయ్ బండి మనిషి ఏందమ్మా అనేలోపు క్యాను ఎత్తి, ఉన్న పాలన్నీ బొగ్గుల మీద కుమ్మరించింది.

బుస్సుమని తెల్లటి పొగ లేచింది. మాడిన పాల వాసన చుట్టూ కమ్ముకుంది. ఆ రోజు అక్కడున్నవాళ్ల ముక్కుకు తెలిసిన వాసన అదొక్కటే.

ఎల్లమ్మ ఖాళీ క్యాను పట్టుకొని బొగ్గుల వైపే చూస్తూ నిలబడింది, ఎక్కడైనా ఎరుపు మిగిలిందేమోనని. నందిని చేతిలో డబ్బా ఇంకా కూస్తూనే ఉంది.